కోడి కడిగిన నీళ్లు

కాలవ బంగళాలో వంటవాడిగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఈ ఏడే మానుకున్నాను. నా పేరు దస్తగిరి. కర్నూలు నుంచి కడప దిక్కుకు పోయే కాలవ గట్టు మీద, ఇంజనీరు దొరలు తనిఖీకి వచ్చినప్పుడు దిగే బంగళా అది. ఇప్పుడు దొరలు పెట్టెలు సర్దుకుని వాళ్ల దేశానికి పోతున్నారు. వాళ్ల కుర్చీల్లో మనవాళ్లు కూర్చుంటున్నారు. కూర్చునేది ఎవరైనా మధ్యాహ్నానికి ఆకలేస్తుంది, కోడి కావాలంటారు. అందుకని ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. ఇంట్లో వండుకునే ఆడవాళ్లకు కూడా పనికొస్తుందని మా ఆవిడ ఖాసింబీ అంటుంది. నిజానికి ఇందులో కొంత ఆమె చెప్పిందే.

ఏ దొర ఎంత మెచ్చుకున్నాడు, ఎవరు ఏ కాగితం రాసిచ్చారు, అవేవీ రాయను. మసాలాలు కూడా రాయను. మసాలా ఎవరైనా నేర్పుతారు. పచ్చికోడిని ఎట్లా ఉంచాలి, ఎట్లా ముట్టుకోవాలి, ఎప్పుడు ఉడికినట్టు అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను తప్పు చేసి తెలుసుకున్నాను. ఆ తప్పు వల్ల నాకు పని నేర్పిన పెద్దాయన పని పోబోయింది. ఆ సంగతి దాచకుండా చెబుతాను.

ఉస్తాదు గంప

ఆ పెద్దాయన పేరు ఇమాంసాబు. నేను చేరేనాటికే ఆయనకు అరవై దాటాయి. మోకాళ్ల నొప్పులు, తెల్ల గడ్డం, మరక పడని తెల్ల తలపాగా. అందరూ బావర్చి అనేవారు, నేను ఉస్తాదు అనేవాణ్ణి. కోపం వస్తే గరిటె విసిరేవాడు గాని, ముందు అందులో కూర లేదని చూసుకుని మరీ విసిరేవాడు.

మొదటి రోజు ఆయన నాకు పొయ్యి చూపించలేదు. వంటింటి వెనక వసారాలోకి తీసుకుపోయి బోర్లించిన వెదురు గంపను చూపించాడు. లోపల నాలుగు కోళ్లు ఉన్నాయి.

“మన బంగళాలో మాంసం దాచేది దీంట్లోనే బేటా,” అన్నాడు. “బతికిండే కోడి చెడిపోదు. కోసినాక అది నీ మాట వినదు, ఎండ మాట వింటాది.”

ఆ మాట అర్థం కావాలంటే మా ఎండ తెలియాలి. ఎండాకాలం పొద్దున పదకొండుకే బండ మీద కాలు పెట్టలేం. మంచుగడ్డలు పెద్ద పట్నాల సంగతి, మా గట్టు మీదికి అవి ఎన్నడూ రాలేదు. కాబట్టి కాలవ వంపు దగ్గర దొర బండి దుమ్ము లేచినప్పుడే కోడిని కోసేవాళ్లం. ఈకలు పీకి, మంటకు చూపించి, ముక్కలు కొట్టి, ఉప్పు పసుపు పట్టించి, దొర కాళ్లు కడుక్కుని కుర్చీలో కూర్చునేలోపు పొయ్యి ఎక్కించాలి.

ఒకసారి దుమ్ము చూసి రెండు కోళ్లు కోశాం. తీరా చూస్తే అది గొర్రెల మంద. దొర ఆ రోజు రానేలేదు. ఉస్తాదు వసారాలో నిలబడి గొర్రెల వంక కాసేపు చూశాడు.

“సర్లే, ఈ పొద్దు మనమే దొరలం,” అన్నాడు.

కావలివాడు, బంట్రోతు, ఉస్తాదు, నేను, నలుగురమూ రాగిసంగటి ముద్దలు పెట్టుకుని రెండు కోళ్లనూ ఖాళీ చేశాం. రేపటికి కాస్త ఉంచుదామన్న మాట ఎవరి నోటా రాలేదు. నా ఉద్యోగంలో అంత సంతోషంగా తిన్న భోజనం ఇంకొకటి లేదు.

కోసిన కోడిని ఉంచక తప్పని రోజులు కూడా వస్తాయి. చలికాలమైతేనే ఆ పని చేయండి, అదీ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకానే. మట్టికుండలో పెట్టి, కుండను తడి ఇసుకలో దింపి, పైన తడిగుడ్డ కప్పి, నీడలో గాలి తగిలేచోట ఉంచాలి. అట్లా పెట్టినా చెడడం కొంచెం ఆలస్యమవుతుందే గాని ఆగదు. ఉట్టి మీద పెడితే అన్నిటికన్నా కింది కుండ పచ్చిమాంసానిది కావాలి. పైన పెడితే రసం కారి కింది పెరుగులో పడుతుంది. ఎండాకాలంలో మాత్రం ఏ కుండనూ నమ్మవద్దు. ఇక అమ్మేవాడి గంపలో ఈకలు ముడుచుకుని మూలన కునికే కోడి ఉంటే, దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

పసుపు చెయ్యి

వంటింట్లో రెండు చెక్కలు ఉండేవి. చింతమొద్దు మాంసానికి, చిన్న పీట ఉల్లిగడ్డలకు, ఆకులకు. రెండు కత్తులు కూడా వేరు. ఇదంతా ముసలాయన చాదస్తమని నేను అనుకునేవాణ్ణి. ఆయన లేనప్పుడు ఒకే మొద్దు మీద అన్నీ కోసేసేవాణ్ణి. ఆయనకు అది తెలిసిపోయింది గాని తిట్టలేదు. ఒక రోజు నా చేత కోడిముక్కలకు దండిగా పసుపు పట్టించి, ఇక నీ పని నువ్వు చేసుకో అన్నాడు. అర్ధగంట తర్వాత నన్ను వంటింటి మధ్యలో నిలబెట్టాడు.

“ఇప్పుడు చూడప్పా, నీ చెయ్యి యాడాడ తిరిగిందో.”

చూశాను. ఉప్పు కుండ మూత మీద పసుపు. గరిటె పిడి మీద పసుపు. నీళ్ల కుండలో ముంచే చెంబు మీద, తలుపు గొళ్లెం మీద, ఉల్లిగడ్డల మీద. చివరికి ఆయన నా ముఖానికి అద్దం పట్టి చూపించాడు. ముక్కు మీద కూడా ఉంది.

“పసుపు కాబట్టి కనపడింది,” అన్నాడు ఉస్తాదు. “కోడి తడి కనపడదు.”

నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ నేనూ ఇదే పరీక్ష పెట్టాను. ఒక్కడు కూడా నెగ్గలేదు. పచ్చికోడి ముట్టిన చెయ్యిని మరో వస్తువు ముట్టకముందే సబ్బుతోగాని కుంకుడురసంతోగాని రుద్ది కడగండి. మొద్దును, కత్తిని వేడినీళ్లు పోసి బూడిదతో తోమి ఎండలో పెట్టండి. దేనికి కొరత ఉన్నా మన దగ్గర ఎండకు కొరత లేదు.

పెద్దవాళ్లతో వేగడం

పెద్దవాళ్లకు ఎదురు చెప్పకుండా మన పని మనం చేసుకోవడం కూడా ఈ విద్యలో భాగమే. పక్క ఊళ్లో ఒక రెడ్డిగారు ఉండేవారు. మంచి మనిషి. దొర దిగాడని తెలిస్తే చాలు, ఇంట్లో కోడిని కోయించి, మోదుగాకుల్లో చుట్టించి, ఎండలో ఎద్దులబండి మీద పంపించేవారు. అది మాకు చేరేసరికి ముట్టుకుంటే జిగట, ఆకు విప్పితే వాసన. వద్దంటే ఆయనకు అవమానం. వండితే దొరకు ప్రమాదం. ఉస్తాదు బండివాడికి దణ్ణం పెట్టి తీసుకునేవాడు. బండి వెళ్లగానే దాన్ని లోతుగా గొయ్యి తీసి పూడ్పించి, మన గంపలోని కోడిని కోసేవాడు. రెడ్డిగారు చాలా ఏళ్లు తమ ఇంటి కోడి రుచే వేరని చెప్పుకున్నారు. మేమూ అవునవుననే అన్నాం.

ఇంకో దొరకు కోడి లోపల కాస్త ఎర్రగా ఉంటే ఇష్టం. ఆ ఒక్కచోట నేను తల వంచలేదు. కోడి కాలు పట్టి లాగితే కీలు సులువుగా ఊడి రావాలి. తొడ దగ్గర ఎముక పక్కన పొడిస్తే తేట రసం రావాలి, ఎరుపు కనపడకూడదు. అది అయ్యేదాకా నా కుండ పొయ్యి దిగదు. ఆ దొర ఒకసారి వంటింటికే వచ్చి, ఇంకా ఎంతసేపు అని గద్దించాడు. కోడి ఇంకా ఒప్పుకోలేదు దొరా అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

కొత్తిమీర పాదు

ఇప్పుడు నా తప్పు సంగతి. మొదటి యుద్ధం ముగిశాక వచ్చిన ఒక ఎండాకాలం. కాలవకు నీళ్లు ఆపేశారు. బంగళా బావి అడుగంటింది. కావలివాడు మైలు దూరం పోయి కావడితో నీళ్లు తెచ్చేవాడు. మా వైపు నీళ్లు ఊరికే పారబోస్తే పెద్దవాళ్లు కొట్టినంత పని చేస్తారు. బియ్యం కడిగినవి ఎనుముకు, స్నానం చేసినవి చెట్లకు, అంట్లు తోమినవి పాదులకు. నేనూ అట్లే పెరిగాను.

వంటింటి వెనక నేను కొత్తిమీర పాదు ఒకటి వేసుకున్నాను. కళ్ల ముందే అది వాడిపోతుంటే అన్నం సయించేది కాదు. కోడి కడిగిన నీళ్లు మాత్రం ఉస్తాదు ఎప్పుడూ దూరంగా ఉన్న వేపచెట్టు మొదట్లో పోయించేవాడు. ఎందుకో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఎండాకాలం ఆయన మోకాళ్లు పట్టేసి వెనకవైపుకు రావడం మానేశాడు. అంత నీరు వేపచెట్టుకు ఎందుకు దండగ అనుకుని నేను దాన్ని కొత్తిమీర మీద గుమ్మరించడం మొదలుపెట్టాను. వారంలో పాదు పచ్చగా లేచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడే కొత్త ఇంజనీరు దొర మకాంకు వచ్చాడు. వెంట గుమాస్తా గుండూరావు పంతులు. కర్నూలు మనిషి, మాట కలుపుగోలుగా ఉంటుంది. ఆచారం మాత్రం గట్టిది. బంగళా రెండో కొసన షెడ్డులో తన పొయ్యి తనది, తన చెంబు తనది. మాతో అంతదూరం నుంచే కబుర్లు చెప్పేవాడు, మా వంటింటి గడప తొక్కేవాడు కాదు.

ఆ మధ్యాహ్నం ఉస్తాదు, నేను కలిసి కోడికూర వండాం. కోడి అప్పుడే కోసింది, ఉడకడం బాగా ఉడికింది. దొర గిన్నెలో పోసి, పైన పిడికెడు పచ్చి కొత్తిమీర తుంచి చల్లాను. నీళ్లు తక్కువ కదా, ఆకు కడగలేదు. మోకాలికేసి విదిలించానంతే. దొర మెచ్చుకుంటూ తిన్నాడు. కుండ అడుగున మిగిలింది నేను, బంట్రోతు తిన్నాం.

మర్నాడు దొర మంచం దిగలేదు. వాంతులు, విరేచనాలు. మూడో రోజు పాలిపోయిన ముఖంతో వసారాలో కూర్చుని ఉస్తాదును పిలిపించాడు. ముసలివాడు పాచిపోయిన కోడి పెట్టాడని ఆయన తీర్మానం. వారంలో కడప నుంచి వేరే వంటవాడు వస్తాడనీ, అంతవరకు దస్తగిరి వండుతాడనీ, ఇమాంసాబు ఇక రానక్కరలేదనీ చెప్పాడు. ఉస్తాదు వంటింటి తాళంచెవి నా చేతిలో పెట్టి, కర్ర పట్టుకుని ఊళ్లోకి నడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రం నేను ఆయన ఇంటికి పోయాను. చాప మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. తలపాగా తీసేసి పక్కన పెట్టాడు. ఆయన బోడితల చూడడం నాకు అదే మొదలు, నాకు ఏడుపొచ్చింది.

“నలభై ఏండ్లు వండి పెట్టినా,” అన్నాడు. “పని పోతే పోనీ బేటా. పాచికోడి పెట్టిన ముసలోడంటారే, ఆ మాట నాతోపాటు గోరీలోకి వస్తాది.”

ఇంటికి వచ్చి ఖాసింబీకి అంతా చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తూ విన్నది.

“నువ్వు తిన్నెది, దొర తిన్నెది ఒగటేనా?”

“ఒగటే. ఒగే కుండ.”

“బాగా గ్యాపకం చేసుకో. పైన ఏమన్నా ఏసినావా?”

“కొత్తిమీర.”

“యాడిది? నీళ్లు లేక ఊర్లో ఆకంతా ఎండిపోయినాది. నీకు పచ్చిది యాడ దొరికె?”

చెప్పాను. ఆమె రొట్టె తిప్పడం మరిచిపోయి నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆ రొట్టె మాడిపోయింది.

కానీ ఆకు వల్ల జబ్బు చేసిందంటే దొర నమ్ముతాడా? ఉస్తాదును కాపాడడానికి కథ అల్లానంటాడు. ఏం చేయాలో తోచక మర్నాడు పొద్దున బంగళాకు పోతుంటే, తుమ్మచెట్ల చాటు నుంచి చెంబు పట్టుకుని గుండూరావు పంతులు వస్తున్నాడు. ముఖం పీక్కుపోయింది. షెడ్డులో ఆయన పొయ్యి చూస్తే రెండు రోజులుగా వెలిగించిన గుర్తు లేదు. నేను పలకరించేలోపే మళ్లీ తుమ్మచెట్ల దిక్కుకు పరుగెత్తాడు.

తిరిగి వచ్చాక అడిగాను. “ఏం సామీ, మీకు గూడా బాగలేదా?”

“మెల్లగా మాట్లాడప్పా!” అని అటూ ఇటూ చూశాడు. “దొరకు కోడి తిని జబ్బు చేసె అంటాండారు. అదే జబ్బు నాకూ ఉండాదంటే, ఈ బాపనోడు గుట్టుగా కోడి తిన్నెడంటారు. నా కూతురి పెండ్లి ఉండాది, తెలుసునా? ఎవురికీ చెప్పొద్దు.”

“మీరేం తిన్నెరు సామీ ఆ పొద్దు?”

“మజ్జిగన్నం. అంతే.” తల గోక్కున్నాడు. “నీ పాదులో రొంత కొత్తిమీర గిల్లుకుని మజ్జిగలో ఏసుకుంటి. నిన్ను అడగల్సింది, అడగలేదు. శానా పచ్చగా ఉండె, చూసి నోరూరె.”

ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ పాదుకు ఏ నీళ్లు పోశానో ఇప్పుడు ఈయనకు చెప్పాలి. చెప్పకుంటే ఉస్తాదు పేరు పోతుంది. చెబితే ఈయన ఆచారం పోతుంది, నా పని పోతుంది. కళ్లు మూసుకుని చెప్పేశాను.

పంతులు తుమ్మచెట్టు మొదట్లో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్టి తిట్టి అలసిపోయాక అడిగాడు. “ఆ ముసలాయప్ప ఎట్లుండాడు?”

“తలపాగా తీసేసి గోడ దిక్కు తిరిగి కూసున్నెడు సామీ.”

పంతులు పంచె దులుపుకుని లేచాడు. “నేను తుంగభద్రలో మూడు మునకలేస్తే నాది తీరిపోతాది. ఆయప్ప యాడ మునిగితే ఆయప్ప పేరు వాపసొస్తాది? దా, దొర కాడికి పోదాం.”

ఆ మనిషికి నేను ఆ రోజు నుంచి మనసులో సలాం చేస్తూనే ఉన్నాను.

దొర ముందు పంతులు ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. ఏడు తరాలుగా తమ ఇంట్లో కోడిని ముట్టలేదనీ, తనకూ అదే జబ్బనీ, ఇద్దరూ తిన్నది ఆ ఆకొక్కటేననీ. పాదు చూపించడానికి వేలెత్తాడు గాని అటు కన్నెత్తి చూడలేదు. బంట్రోతు ఆకు లేని కూర తిని రాయిలాగా ఉన్నాడు. దొర వాణ్ణి పిలిచి నాలుక చాపించి మరీ చూశాడు. చివరికి, ఆ నీళ్లు పోసింది ఎవరని అడిగాడు.

“నేనే దొరా,” అన్నాను. “ఉస్తాదు వేపచెట్టుకు పోయమన్నెడు. కొత్తిమీర ఎండిపోతాండాదని నేనే పోసినా.”

దొర నన్ను, నా వెనక ఎండిపోయిన కాలవను చూశాడు. నీళ్ల కోసం మా రైతులు తలలు పగలగొట్టుకోవడం ఆయన చూసినవాడే. జబ్బుపడ్డ నాటి నుంచి మొదటిసారి నవ్వాడు. పనిలోంచి తీసేయాల్సింది ఆ కొత్తిమీరను అన్నాడు. తన సవారీ బండి కట్టించి ఉస్తాదు కోసం పంపాడు.

ఉస్తాదు దొర బండిలో, ఉతికిన తలపాగాతో, ఊరంతా చూస్తుండగా దిగాడు. దొర లేచి నిలబడి తాను పొరపడ్డానన్నాడు. ఉస్తాదు సలాం చేసి నేరుగా వెనక్కి కుంటుకుంటూ పోయి, కొత్తిమీరను వేళ్లతో సహా పెరికి పారేశాడు. నేను ఆయన కాళ్ల మీద పడ్డాను.

“లెయ్ బేటా. వేపచెట్టుకే ఎందుకు పొయ్యల్లో నీకు చెప్పకపోతి. తప్పు నాది గూడా ఉండాది.”

“ఎందుకు ఉస్తాద్?”

ఆయన గడ్డం నిమురుకున్నాడు. “ఏమో. మా ఉస్తాదు పొయ్యమన్నెడు. ఆయప్పా చెప్పల్యా.”

ఇద్దరమూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వాం. ఆ మధ్యాహ్నం కోడి వండింది ఆయనే. దొర రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

అప్పటి నుంచి నేను ఎవరికి ఏ పని చెప్పినా ఎందుకో కూడా చెబుతాను. కోడిని నీళ్లతో కడగడం కూడా తగ్గించుకుంటూ వచ్చి చివరికి మానేశాను. బాగా కడిగితే శుభ్రమనుకునేవాళ్లం. కడిగేకొద్దీ ఆ నీళ్లు చింది పక్కనున్న గిన్నెల మీద, ఆకుల మీద పడతాయి. మంటకు చూపించి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఉడకబెట్టండి. కోడిలోని చెడుగు పోయేది నిప్పు మీదే. నిప్పు చూడని పచ్చి ఆకును మాత్రం మంచినీళ్లతో కడగండి. ఆ నీళ్లకు పిసినారితనం పనికిరాదు.

మొన్నటి సంగతి

ఆ తర్వాత ఉస్తాదు ఇంకో ఎనిమిదేళ్లు వండాడు. ఆయన జనాజా వెనక ఊరంతా నడిచింది. నడిచిన వాళ్లు ఆయన చేతి వంట గురించే మాట్లాడుకున్నారు. గుండూరావు పంతులు ఆ ఎండాకాలమే కూతురి పెళ్లి చేశాడు. ఉద్యోగం మానుకుని ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాడు. ఇదంతా రాయాలనుకున్నాక ఆయన్ను అడక్కుండా రాయకూడదనిపించి, మొన్న బస్సెక్కి పోయాను. మా పెరట్లో కొత్తిమీర ఒక కట్ట గుడ్డలో కట్టుకుని పోయాను.

అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పళ్లు లేవు. విషయం చెప్పగానే చెయ్యి ఊపాడు. “రాయప్పా, పేరు పెట్టే రాయి. ఇప్పుడు నన్ను వెలేసేకి ఎవురుండారు? వెలేసేవాళ్లంతా ముందే పోయినారు.”

నేను గుడ్డ విప్పి కట్టను అరుగు మీద పెట్టి దూరంగా జరిగాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“కడిగినావా?”

“లేదు సామీ. మీరే కడుక్కోండి. ఎవురు కడిగినామన్నా నమ్మొద్దు.”

పంతులు చెంబు తెప్పించుకుని, నా ముందే ఒక రెమ్మను మూడుసార్లు కడిగాడు. మంత్రం చదివినంత శ్రద్ధగా కడిగాడు. నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, పళ్లు లేని చిగుళ్లతో చాలాసేపు నమిలాడు.

“ఈ తూరి కోడి రుచి లేదప్పా,” అన్నాడు.